జీతాల తగువుకూ ఒక డిగ్రీ!

ఇంట్లో పిల్లవాడి చదువు ప్రసక్తి వస్తే మన పెద్దల నోట మొదట వచ్చే మాట ఇంజనీరింగు. అది కాకపోతే డాక్టరీ. రెండూ కుదరకపోతే లా, కామర్సు. తరాలు మారినా ఈ జాబితా పెద్దగా మారలేదు. అటువంటప్పుడు, యజమానికీ పనివాడికీ మధ్య వచ్చే తగువును నాలుగేళ్లు చదివి పట్టా పుచ్చుకోవచ్చునంటే, "తగువులాడడానికి కూడా చదువెందుకయ్యా?" అని నవ్వేవారే ఎక్కువమంది ఉంటారు.

కాని అటువంటి చదువు ఉన్నది. అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలో, కయూగా సరస్సు ఒడ్డున ఇథాకా అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక కళాశాల నెలకొల్పారు. అది ఇచ్చే పట్టా పేరు "బాచిలర్ ఆఫ్ సైన్స్ ఇన్ ఇండస్ట్రియల్ అండ్ లేబర్ రిలేషన్స్". అంటే పరిశ్రమల, కార్మిక సంబంధాల శాస్త్రంలో పట్టభద్రత అన్నమాట. ఆ పట్టా చేతికి రావాలంటే విద్యార్థి ఏమేమి చదవాలి, ఎన్ని గడపలు దాటాలి అన్నది చూస్తే, ఆ జాబితా వెనుక పెద్ద కథే ఉన్నదని తెలుస్తుంది.

ఇద్దరికీ నచ్చని బిడ్డ

ఈ కళాశాల పుట్టుకకు మూలపురుషుడు ఇర్వింగ్ ఐవ్స్ అనే రాజకీయవేత్త. న్యూయార్కు రాష్ట్ర శాసనసభలో రిపబ్లికన్ పక్షం నాయకుడు. పరిశ్రమల పరిస్థితులను విచారించడానికి శాసనసభ వేసిన సంఘానికి ఆయన అధ్యక్షత వహించాడు. ఆ విచారణలో ఆయనకు తేటతెల్లమైన సంగతి ఒకటి: యాజమాన్యం వారికి కార్మికుల సంగతి తెలియదు, కార్మిక నాయకులకు వ్యాపారం లెక్కలు తెలియవు, ఇద్దరికీ మధ్య కూర్చునే ప్రభుత్వాధికారికి ఒక్కొక్కప్పుడు రెండూ తెలియవు. ఈ ముగ్గురినీ ఒకే బడిలో చదివిస్తే ఎలా ఉంటుంది?

1944లో గవర్నర్ థామస్ డ్యూయీ సంతకంతో ఈ ఊహ చట్టమైంది. 1945 నవంబరులో తరగతులు మొదలయ్యాయి. ఐవ్స్ తానే మొదటి డీను అయ్యాడు. కొద్దికాలానికే అమెరికా సెనేటుకు ఎన్నికై వెళ్లిపోయాడు. మొదట్లో కళాశాలకు సరైన భవనమైనా లేదు. యుద్ధకాలంలో సైన్యం వాడిన తరహా రేకుల షెడ్లలో పాఠాలు చెప్పుకున్నారు.

షెడ్లకంటె పెద్ద ఇబ్బంది అనుమానం. ఇది ఎర్రజెండాల బడి అవుతుందని కొందరు వ్యాపారులు భయపడ్డారు. కంపెనీల గుమాస్తాలను తయారుచేసే బడి అవుతుందని కొందరు కార్మిక నాయకులు శంకించారు. ఇద్దరూ ఒకేసారి అనుమానించారంటే, బడి సరిగా మధ్యనే నిలబడిందని అర్థం చేసుకోవచ్చు!

అప్పటి కాలం కూడా అటువంటిదే. యుద్ధం ముగిసింది. ధరలు పెరుగుతున్నాయి. యుద్ధకాలంలో పళ్ల బిగువున ఓర్చుకున్న కోర్కెలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. 1946 ఒక్క సంవత్సరంలోనే అమెరికాలో సుమారు 46 లక్షలమంది సమ్మెలలో పాల్గొన్నారు. ఉక్కు, బొగ్గు, మోటారు కార్లు, రైళ్లు, అన్నీ ఆగిపోయాయి. జీతాల తగువు ఇక ఇద్దరు మనుష్యుల మధ్య వ్యవహారం కాదనీ, దానివల్ల దేశం మొత్తం స్తంభించిపోగలదనీ అందరికీ తెలిసి వచ్చింది.

120 క్రెడిట్ల లెక్క

ఇక పట్టా సంగతి చూద్దాం. అమెరికాలో మన పాతకాలపు పద్ధతిలా సంవత్సరాంతంలో ఒక్క పరీక్ష రాసి గట్టెక్కడం ఉండదు. చదువును "క్రెడిట్" అనే కొలతతో కొలుస్తారు. వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు రెండు గంటల సొంత చదువు, ఇలా సుమారు 15 వారాలు సాగితే ఒక క్రెడిట్. ఈ పట్టాకు మొత్తం 120 క్రెడిట్లు కావాలి. నాలుగేళ్లలో ఎనిమిది సెమిస్టర్లు. అంటే సెమిస్టరుకు సగటున 15.

ఇక్కడ ఒక చిన్న తమాషా ఉన్నది. 15 క్రెడిట్లకు, క్రెడిట్ ఒక్కంటికి మూడేసి గంటల చొప్పున, వారానికి 45 గంటలు పని అవుతుంది. అమెరికాలో 1938 నాటి చట్టం తీసుకువచ్చిన పద్ధతి ప్రకారం వారానికి 40 గంటలు దాటితే సాధారణ కార్మికుడికి ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు హద్దుగా పెట్టింది. కార్మికుల పనిగంటలను గురించి చదివే కుర్రవాడు తాను అమెరికా కార్మికుడికంటె ఎక్కువగా, ఓవర్‌టైము లేకుండా పనిచేస్తున్నాడన్నమాట!

క్రెడిట్లు పోగైతేనే చాలదు. మార్కుల సగటు 4కు 2.0 కంటె, అంటే "సి" తరగతికంటె, దిగజారకూడదు. మొదటి సంవత్సరంలోనే రచన నేర్పే సెమినార్లు రెండు చదవాలి. తర్కం తలలో ఉంటే చాలదు, కాగితం మీద ఎదుటివాడికి అర్థమయ్యేట్టు పెట్టగలగాలి. ఒప్పందంలో ఒక వాక్యం తికమకగా పడితే దానిమీద ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడుస్తాయి గనుక, ఈ నియమం ఉత్తపుణ్యానికి పెట్టింది కాదు. ఇవిగాక విశ్వవిద్యాలయమంతటికీ వర్తించే వ్యాయామ పాఠాలు రెండు ఉన్నాయి. అవి 120లో కలవవు. పైగా తరాల తరబడి కార్నెల్ విద్యార్థులు కొలనులో 75 గజాలు ఈది చూపవలసి వచ్చింది. కార్మిక శాస్త్రానికీ ఈతకూ ఏమి సంబంధమని అడిగితే, బేరం బల్ల దగ్గర మునగకుండా ఉండడానికి అలవాటు కాబోలు అనుకోవాలి.

తప్పించుకోరాని పాఠాలు

120లో కొన్ని విద్యార్థి ఇష్టానికి వదిలిపెట్టారు. కాని కొన్ని పాఠాలు మాత్రం ఎవరూ తప్పించుకోవడానికి వీలులేదు. ఈ చదువు ప్రాణమంతా అక్కడే ఉన్నది.

మొదటిది కార్మిక చరిత్ర. రేపు కంపెనీ ఆఫీసులో కూర్చోబోయే వాడయినా సరే, ఎనిమిది గంటల పనిదినం ఎవరూ దయతలచి ఇచ్చింది కాదనీ, దాని వెనుక ఎంతమంది నలిగిపోయారో తెలుసుకోవలసిందే. 

రెండవది చట్టం. 1935లో వచ్చిన వాగ్నరు చట్టం కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు, సంఘం ద్వారా బేరమాడే హక్కు ఇచ్చింది. సంఘం కావాలా వద్దా అని ఓటింగు జరపమని కోరాలంటే కనీసం 30 శాతం మంది మద్దతు చూపాలి. సంఘం గెలిచిన తరువాత యజమాని సద్బుద్ధితో కూర్చుని మాట్లాడి తీరాలి. అయితే ఒప్పుకొని తీరాలని మాత్రం చట్టం చెప్పలేదు. మాట్లాడమంటుందిగాని తల ఊపమనదు. ఈ సూక్ష్మం తెలియక ఇరుపక్షాలవారూ బోల్తాపడిన సందర్భాలు కొల్లలు. 1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం సంఘాల మీద కూడా కొన్ని ఆంక్షలు పెట్టింది. విద్యార్థి రెండూ చదవాలి.

మూడవది అర్థశాస్త్రం. కూలి పెంచితే ధర పెరుగుతుందా, ఉద్యోగాలు తగ్గుతాయా, లేక పనివాడు నిలకడగా ఉండి ఉత్పత్తి హెచ్చుతుందా? కోపంతో తేల్చే ప్రశ్నలు కావివి.

నాల్గవది గణాంకశాస్త్రం. ఇది వింటేనే చాలామంది కుర్రవాళ్లకు జ్వరం వస్తుంది. ఎందుకు పెట్టారో ఒక చిన్న ఉదాహరణతో చూడండి. ఒక దుకాణంలో పదిమంది ఉన్నారనుకోండి. తొమ్మిదిమందికి గంటకు 20 డాలర్లు. పదవవాడు మేనేజరు, అతనికి 120. యజమాని కాగితం తీసి, "మా దగ్గర సగటు జీతం 30 డాలర్లు" అంటాడు. కూడి భాగించి చూస్తే అది నిజమే. సంఘం నాయకుడు లేచి, "మీ దగ్గర పదింట తొమ్మిదిమందికి 20 మాత్రమే" అంటాడు. అదీ నిజమే. ఇద్దరూ నిజమే చెప్పి ఒకరినొకరు అబద్ధాలకోరని తిట్టుకుంటారు. మధ్యన కూర్చున్నవాడికి సగటు ఎక్కడ మోసం చేస్తుందో తెలియకపోతే ఆ తగువు తెల్లవార్లూ నడుస్తుంది.

ఇక మిగిలినవి మనుష్యుల సంగతులు. పదిమంది కలిసి పనిచేసే చోట మనస్తత్వాలు ఎలా ఉంటాయి, ఉద్యోగులను ఎలా ఎంచుకోవాలి, ఎలా తర్ఫీదు ఇవ్వాలి, జీతాల మెట్లు ఎలా కట్టాలి అన్నవి. ఇవి యాజమాన్యం వైపు పాఠాలు. కార్మిక సంఘంలో పనిచేయాలని కలలు కనే అమ్మాయి కూడా ఇవి చదవాలి. చరిత్ర తరగతిలో కాబోయే కంపెనీ అధికారి కూర్చున్నట్టే, ఈ తరగతిలో కాబోయే సమ్మె నాయకురాలు కూర్చుంటుంది. ఎదుటివాడి పాఠం ఎగ్గొట్టి పట్టా పుచ్చుకోవడానికి వీలులేదు. పాఠ్యప్రణాళిక మొత్తంలో గొప్ప నియమం ఇదే.

బేరం బల్ల

వీటన్నిటినీ కలిపి ముడివేసేది సామూహిక బేరం పాఠం. ఇటువంటి తరగతులలో విద్యార్థులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు సంఘమనీ, ఒకటి యాజమాన్యమనీ బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టే అలవాటు ఉన్నది. అది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కర్మాగారంలో 400 మంది కార్మికులు. సంఘం జట్టు గంటకు 2 డాలర్లు పెంచమంటుంది. వినడానికి రెండే గదా! యాజమాన్యం జట్టు లెక్క వేస్తుంది. ఒక్కొక్కరు సంవత్సరానికి 2,000 గంటలు పనిచేస్తే, 400 మందికి సంవత్సరానికి 16 లక్షల డాలర్లు. గుండె గుభేలుమంటుంది. పెంపు ఒక డాలరే ఇచ్చి, వైద్య బీమా ఖర్చులో ఎక్కువ భాగం తామే పెట్టుకుంటామంటారు. ఆ బీమా విలువ ఇంటికి ఎంత పడుతుందో సంఘం జట్టు లెక్కకట్టాలి. ఇంతలో సంఘంలోనే చీలిక. వయసు మళ్లినవారికి బీమా ముద్దు, కుర్రవాళ్లకు చేతి డబ్బు ముద్దు. అవతలివాళ్లతో బేరమాడడానికి ముందు తనవాళ్లతో బేరమాడాలన్న సత్యం అప్పుడు తెలుస్తుంది.

మధ్యవర్తులలో కూడా రెండు రకాలవారు ఉంటారని విద్యార్థి నేర్చుకుంటాడు. ఒకడు రాజీ కుదిర్చేవాడు. ఈ గదికీ ఆ గదికీ తిరిగి ఇద్దరినీ దగ్గరకు తెస్తాడే గాని తీర్పు చెప్పడు. రెండవవాడు పంచాయితీ తీర్పరి. ఇరువైపులా విని తేల్చి చెబుతాడు, దానికి ఇద్దరూ కట్టుబడాలి. మన రచ్చబండ మీద ఈ రెండు పనులూ ఒక్క పెద్దమనిషే చేసేవాడు. అక్కడ అవి రెండు వేరు విద్యలు.

పుస్తకంలో లేని పాఠం

తొలిరోజులలో ఈ కళాశాల విద్యార్థులను బస్సులెక్కించి ఫ్యాక్టరీల చుట్టూ తిప్పేవారు. ఆ పాఠానికి కుర్రవాళ్లు "బస్సు సవారీ" కోర్సు అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కొలిమి వేడి ముఖానికి తగిలితే గాని, మరల హోరులో ఒక్క నిమిషం నిలబడితే గాని, "పని పరిస్థితులు" అన్న రెండు మాటలకు అర్థం తెలియదని గురువుల అభిప్రాయం. తరువాతి కాలంలో, ఒక సెమిస్టరు పాటు కంపెనీలోనో, సంఘం కార్యాలయంలోనో, ప్రభుత్వ శాఖలోనో పనిచేసి క్రెడిట్లు సంపాదించుకునే ఏర్పాటు వచ్చింది.

అంతకంటె గొప్ప పాఠం 1957లో వచ్చింది. ఆ సంవత్సరం ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే వృద్ధురాలు అక్కడ పాఠాలు చెప్పడానికి చేరింది. 1911 మార్చి 25న న్యూయార్కు నగరంలో ట్రయాంగిల్ అనే రవికల కర్మాగారం తగలబడింది. తలుపుకు తాళం వేసి ఉండడంవల్ల చాలామంది బయటికి రాలేకపోయారు. 146 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు వలస వచ్చిన పేద కుటుంబాల ఆడపిల్లలు. మంటలకు తాళలేక పై అంతస్తుల కిటికీలలోంచి దూకిన పిల్లలను వీధిలో నిలబడి కళ్లారా చూసినవారిలో పెర్కిన్స్ ఒకరు. ఆనాటి దృశ్యం ఆమె జీవితం మార్చివేసింది. ఫ్యాక్టరీల తనిఖీలలో పాల్గొన్నది. 1933లో రూజ్‌వెల్టు ప్రభుత్వంలో కార్మికశాఖ కార్యదర్శి అయింది. అమెరికా మంత్రివర్గంలో చేరిన మొట్టమొదటి మహిళ ఆమెయే. 1935 నాటి వృద్ధాప్య పింఛను చట్టం, 1938 నాటి కనీస వేతన చట్టం ఆమె హయాంలోనివే.

అటువంటి మనిషి తరగతిలో నిలబడి కార్మిక చట్టాలను గురించి చెబుతూంటే, అది పరీక్షకోసం వల్లెవేసే పాఠమవుతుందా? 1965లో మరణించేవరకు ఆమె ఆ కళాశాలతో అనుబంధం విడువలేదు. ట్రయాంగిల్ ప్రమాదానికి సంబంధించిన పత్రాలనూ ఫోటోలనూ ఆ కళాశాల గ్రంథాలయమే భద్రపరుస్తూ వస్తోంది.

మన గిరిగారి మాట

ఇదంతా చదువుతూంటే మన వి.వి. గిరిగారు జ్ఞాపకం రాక మానరు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఐర్లండులో లా చదివి, రైల్వే కార్మికుల ఉద్యమంలో పేరు తెచ్చుకున్న ఆయన 1952లో కేంద్ర కార్మికశాఖ మంత్రి అయ్యారు. తగువు రాగానే ట్రిబ్యునళ్లకు పరుగెత్తడం మంచిది కాదనీ, ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే ఉభయులకూ గౌరవమనీ ఆయన వాదం. దానికి "గిరి మార్గం" అని పేరే వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవి వదులుకున్నారు. ఆయన తరువాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. కార్నెల్ బేరం బల్ల దగ్గర నేర్పేదీ గిరిగారు చెప్పినదీ ఒక్కటే.

మన దేశంలో కూడా ఈ విద్య లేకపోలేదు. బొంబాయిలో టాటా సంస్థ 1936లోనూ, జంషెడ్‌పూరులో జేవియర్ సంస్థ 1949లోనూ వెలిశాయి. 500 మంది, అంతకు పైన పనివాళ్లున్న చోట సంక్షేమాధికారి ఉండాలని 1948 నాటి చట్టం చెప్పడంతో ఇటువంటి చదువుకు గిరాకీ పెరిగింది. అయితే మన దగ్గర ఇది చాలావరకు డిగ్రీ అయిన తరువాత చదివే పైచదువు. కార్నెల్‌లో పద్ధెనిమిదేళ్ల ప్రాయంలోనే మొదలుపెడతారు. ఏ పక్షమో నిర్ణయించుకోకముందే రెండు పక్షాలూ చూపించడం అందులోని విశేషం.

బల్లకు ఒకవైపే మిగిలితే?

మంచి చెప్పినప్పుడు చిక్కు కూడా చెప్పాలి. 1950 ప్రాంతాలలో అమెరికా ఉద్యోగులలో సుమారు మూడింట ఒకవంతు సంఘాలలో ఉండేవారు. 2024 నాటికి అది 9.9 శాతానికి దిగింది. సంఘాలు తగ్గితే సంఘాలలో ఉద్యోగాలూ తగ్గుతాయి. అందుచేత ఈ పట్టా పుచ్చుకున్నవారు కంపెనీల హెచ్.ఆర్. శాఖలకూ, లా చదువుకూ, ఇతర వ్యాపారాలకూ పెద్ద సంఖ్యలో వెళుతున్నారు. బల్లకు అవతలివైపు కుర్చీలు ఖాళీ అవుతూంటే, అనుమానించిన ఆనాటి కార్మిక నాయకుల మాటే నిజమయిందా అన్న ప్రశ్న రాక తప్పదు.

దానికి సమాధానం ఆ పట్టా నియమాలలోనే వెతకాలి. విద్యార్థి ఎక్కడికి పోదలచినా సరే, కార్మిక చరిత్ర చదవాలి, చట్టం చదవాలి, సంఘం ఎందుకు పుడుతుందో తెలుసుకోవాలి. వెయ్యిమంది ఉద్యోగుల భవితవ్యం ఒక్క సంతకంతో తేల్చగల హెచ్.ఆర్. అధికారి, ఆ సంతకం పెట్టేముందు ట్రయాంగిల్ పిల్లలను ఒక్కసారి జ్ఞాపకం చేసుకుంటే, ఆ నియమం సార్థకమైనట్టే. ఉద్యోగాల గిరాకీనిబట్టి ఇటువంటి పాఠాలను ఒక్కొక్కటిగా ఐచ్ఛికం చేసుకుంటూ పోతే, మిగిలేది మరొక వ్యాపారపు పట్టా మాత్రమే.

ఈ చదువు ఎటువంటివారికి తగునని పెద్దలు అడగవచ్చు. లెక్కకు బెదరనివారికి, చదవడానికీ రాయడానికీ విసుగుపడనివారికి, ముఖ్యంగా ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వినగల ఓపిక ఉన్నవారికి. పట్టా రాగానే వైద్యుడికి, వకీలుకు ఉన్నట్టు దీనికి లైసెన్సు ఏదీ ఉండదు. ఆ బల్ల దగ్గర పనికివచ్చే అర్హత ఒక్కటే: రెండు పక్షాలవారూ నమ్మే మనిషి అనిపించుకోవడం. దానికి ఏ విశ్వవిద్యాలయమూ క్రెడిట్లు ఇవ్వలేదు. కాని ఇద్దరి పాఠాలూ చదవనివాడికి ఆ నమ్మకం దొరకడం కష్టమని మాత్రం 120 క్రెడిట్లూ చెబుతున్నాయి.